బోల్టు మీద నంబరు



విశాఖపట్నం వెళ్ళి ఆర్కే బీచ్‌లో కుర్సురాను చూడకుండా వచ్చేవాళ్ళు తక్కువ. మన వేలూరు, గుడియాత్తం, తిరుపత్తూరు వైపు నుంచి సింహాచలం అప్పన్న దర్శనానికి వెళ్ళే తెలుగు కుటుంబాలు కూడా సాయంత్రం వేళ ఆ జలాంతర్గామి ఎక్కి దిగుతాయి. 91 మీటర్ల పొడవు. లోపల తల వంచుకుని నడవాలి. టార్పెడో గొట్టాలు, ఒకదాని మీద ఒకటిగా పడకలు, గోడల నిండా వాల్వుల చక్రాలు. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రీగాలో అది మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో గస్తీ తిరిగింది. 2001 ఫిబ్రవరి 27న సేవ ముగించింది.

ఆ చరిత్రలో నా మనసు పట్టుకునేది మాత్రం వేరే ఐదేళ్ళు. 1975 సెప్టెంబరు నుంచి 1980 సెప్టెంబరు వరకు కుర్సురా సముద్రంలోకి వెళ్ళలేదు. శత్రువు కొట్టిన దెబ్బ ఏమీ లేదు. ఆ ఐదేళ్ళూ దాని సామాను ఒక్కొక్కటే విప్పి, మిగతా జలాంతర్గాములకు బిగించారు. ఒకదాన్ని కూర్చోబెట్టి తక్కినవాటిని తిప్పారన్నమాట. తర్వాత విశాఖలోనే హిందుస్థాన్ షిప్‌యార్డులో 1982 ఏప్రిల్ దాకా మరమ్మతు చేసి మళ్ళీ నీళ్ళలోకి పంపారు. ఆపైన మరో పంతొమ్మిదేళ్ళు పనిచేసింది. అంటే ఆ ఐదేళ్ళూ పడవలో ప్రాణం ఉంది, లేనిది సామానే.

ఈరోజు నా ప్రసంగం ఆ సామాను గురించి. అందులోనూ అణుశక్తితో నడుస్తూ, కడుపులో బాలిస్టిక్ క్షిపణులు పెట్టుకుని తిరిగే జలాంతర్గాముల విడిభాగాల గురించి. అలాంటి మొదటి భారతీయ జలాంతర్గామి అరిహంత్‌ను 2009 జులై 26న విశాఖలోనే జలప్రవేశం చేయించారు. రెండోది అరిఘాత్ 2024 ఆగస్టు 29న అక్కడే నౌకాదళంలో చేరింది. పత్రికలన్నీ మొదటి పేజీలో వేశాయి, వేయాల్సిందే. ఇలాంటి పడవ ఒకసారి చేరాక ముప్పై, నలభై ఏళ్ళు తిరగాలి. అమెరికా ఒహాయో తరగతిలో మొదటి జలాంతర్గామి 1981లో చేరింది. ముప్పై ఏళ్ళని లెక్కవేసిన ఆ తరగతి ఆయుష్షును తర్వాత 42 ఏళ్ళకు పెంచారు. ఆ పడవలకు మొదట్లో పంపులు చేసిన కార్మికులు పదవీ విరమణ చేసి ఉంటారు. కొన్ని కంపెనీలు మూతపడి ఉంటాయి. పడవకు మాత్రం పంపు కావాలి. ఈ ముప్పై నలభై ఏళ్ళ లెక్కను పడవ కట్టేనాడే వేసుకోని దేశం, ఎంత గొప్ప పడవ కట్టినా, చివరికి దాన్ని రేవులో కట్టేసుకుని కూర్చోవలసి వస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ తరహా జలాంతర్గామికి విడిభాగం ఎందుకంత ముఖ్యమో చూడండి. దాని ఉద్యోగం యుద్ధం చేయడం కన్నా ముందు, ఎవరికీ కనబడకుండా ఎక్కడో నీళ్ళ కింద ఉండటం. మన మీద అణుదాడి చేస్తే బదులు తప్పదని అవతలివాడు నమ్మాలంటే, కనీసం ఒక పడవ ఎప్పుడూ సముద్రంలో ఉండాలి. బ్రిటన్ 1969 ఏప్రిల్ నుంచి ఒక్క రోజు కూడా విడవకుండా అలా ఉంచుతున్నామని చెబుతుంది. వాళ్ళకు ఉన్నవి నాలుగే. ఒకటి గస్తీలో, ఒకటి మరమ్మతులో, మిగతా రెండు శిక్షణలోనో ప్రయాణానికి సిద్ధమవుతూనో ఉండాలని లెక్క. ఆ నాలుగింటిలో వాన్‌గార్డ్ అనేది 2015 డిసెంబరులో డెవన్‌పోర్ట్ రేవులో మరమ్మతుకు వెళ్ళి 2023 మేలో గాని బయటికి రాలేదు. ఏడేళ్ళు దాటింది. ఆ భారం మిగిలిన పడవల మీద, వాటిలోని నావికుల మీద పడింది. ఐదు నెలలు దాటిన గస్తీలు మామూలయ్యాయి. ఐదు నెలలు సూర్యుణ్ణి చూడకుండా, ఇంటికి ఒక మాట పంపే వీలు లేకుండా! డాక్‌లో ఆలస్యమైన పని ఎక్కడో ఒక నావికుడి కుటుంబం మీదికి అలా వస్తుంది.

సరే, పడవ లోపలికి వెళ్దాం. మూడు వందల మీటర్ల లోతులో సముద్రం ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు ముప్పై కిలోల బరువుతో నొక్కుతుంది. యంత్రాలను చల్లబరచడానికి సముద్రపు నీళ్ళు గొట్టాల గుండా పడవ లోపలికి రాక తప్పదు. అంటే ఆ ఒత్తిడి అంతా ఆ గొట్టంలో, ఆ గొట్టపు అతుకులో, ఆ వాల్వు గ్యాస్కెట్‌లో ఉంటుంది. అక్కడ రెండంగుళాల గొట్టం తెగిందనుకోండి, నిమిషానికి ఐదు టన్నులకు పైగా నీళ్ళు వచ్చి పడతాయి. చేత్తో మూసే నీళ్ళు కావవి. మనిషిని ఎత్తి గోడకు కొట్టే వేగంతో వస్తాయి.

1963 ఏప్రిల్ 10న అమెరికా అణు జలాంతర్గామి థ్రెషర్ అట్లాంటిక్‌లో లోతు పరీక్షకు దిగి మళ్ళీ పైకి రాలేదు. 129 మంది పోయారు. ఇంజిను గదిలో సముద్రపు నీటి గొట్టం అతుకు విడిపోయి ఉండవచ్చని విచారణ సంఘం అభిప్రాయపడింది. వెండి కలిసిన లోహంతో బ్రేజింగ్ చేసిన అతుకులవి. అంతకుముందు యార్డులో ఉన్నప్పుడు అలాంటి అతుకులను 145 పరీక్షిస్తే వాటిలో నూటికి పద్నాలుగు నాసిరకంగా తేలాయి. పడవలో అలాంటివి వేలల్లో ఉన్నాయి. మిగతావాటిని పరీక్షించకుండానే పడవ బయల్దేరింది. ప్రమాదంలో పైకి తేలాలంటే ట్యాంకుల్లోకి అధిక పీడనపు గాలి ఊది నీళ్ళు బయటికి తోయాలి. ఆ గాలిలో తేమ ఉంది. గాలి దూసుకుపోతుంటే చల్లబడి, ఆ తేమ వాల్వుల్లోని చిన్న జాలీల మీద మంచుగా గడ్డకట్టి, గాలిని ఆపేసి ఉండవచ్చని తేల్చారు. ఒక అతుకు, ఒక జాలీ. నేను చాలా ఏళ్ళు ఫ్యాక్టరీల్లో తనిఖీ పని చేసినవాణ్ణి. ఆ నూటికి పద్నాలుగు అన్న మాట చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. మామూలు పంపుసెట్ల లాటులో నూటికి పద్నాలుగు తప్పు వస్తే మేం లాటు మొత్తం పక్కన పెట్టేవాళ్ళం.

ఆ ఏడాది డిసెంబరులోనే అమెరికా నౌకాదళం సబ్‌సేఫ్ అనే పద్ధతి పెట్టింది. సముద్రపు నీటి ఒత్తిడిని తట్టుకోవాల్సిన ప్రతి భాగానికీ, పడవను పైకి తేల్చే ప్రతి భాగానికీ పుట్టుపూర్వోత్తరాలు ఉండాలి. ఏ కొలిమిలో కరిగింది, ఏ రోజు, లోహంలో ఏమేమి ఎంతెంత కలిసింది, ఎవరు పరీక్షించారు, ఎవరు వెల్డు చేశారు, ఆ వెల్డింగును ఎవరు ఎక్స్‌రే తీశారు. ఈ కాగితం లేని భాగం ఎంత మంచిదైనా పడవకు పనికిరాదు. 1915 నుంచి 1963 దాకా యుద్ధంతో సంబంధం లేని ప్రమాదాల్లో వాళ్ళు పోగొట్టుకున్న జలాంతర్గాములు పదహారు. సబ్‌సేఫ్ ధ్రువపత్రం పొందిన పడవ ఒక్కటీ ఇంతవరకు పోలేదు. 1968లో పోయిన స్కార్పియన్‌కు ఆ ధ్రువపత్రం లేదు.

కాగితం అబద్ధం చెబితే? అదీ జరిగింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో ఉక్కు పోత పోసే ఫౌండ్రీ ఉంది. జలాంతర్గాముల దేహానికి కావలసిన పోత భాగాలు అక్కడి నుంచి వెళ్ళేవి. గట్టి చలిలో ఆ ఉక్కు పెళుసుగా విరగదని చూపించే పరీక్ష చేయాలి. ఆ పరీక్షలు చూసే లోహశాస్త్ర నిపుణురాలు 1985 నుంచి 2017 దాకా, రెండు వందల నలభైకి పైగా పోతల విషయంలో అంకెలు మార్చి రాసింది. సున్నా కింద డెబ్బై మూడు డిగ్రీల దగ్గర పరీక్ష చేయమనడం అర్థం లేని నిబంధన అని తనకు అనిపించిందట. 2022లో కోర్టు ఆమెకు రెండున్నరేళ్ళ జైలు వేసింది. ఏ పడవా మునగలేదు. కానీ ఆ ఉక్కు ఏయే పడవల్లో ఉందో వెతికి, ఒక్కొక్కటే మళ్ళీ తేల్చుకోవలసి వచ్చింది. నిబంధన తనకు అర్థం కాకపోతే అడగవచ్చు, వాదించవచ్చు, పై అధికారికి రాయవచ్చు. అంకె మార్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు. నాకు ఇందులో రెండో అభిప్రాయం లేదు.

ఇందాక చెప్పిన వాన్‌గార్డ్‌లోనే ఇంకో సంగతి బయటపడింది. రియాక్టర్ గదిలో శీతలీకరణ గొట్టాల తొడుగును పట్టి ఉంచే బోల్టులు ఎక్కువగా బిగించడం వల్ల తలలు తెగిపోయాయి. ఎవరో ఆ తలలను జిగురుతో అతికించి వెళ్ళారు. 2023లో తనిఖీ సమయంలో ఒక బోల్టు తల ఊడి రావడంతో సంగతి తెలిసింది. విరిగిన మొదలును తీసి, కొత్త బోల్టు తెచ్చి బిగించాలంటే మళ్ళీ ఫారం నింపాలి, స్టోరుకు వెళ్ళాలి, పై అధికారికి చెప్పాలి. ఎవరో ఆ శ్రమ తప్పించుకున్నారు. కొత్త బోల్టు తెప్పించడం తేలిగ్గా ఉండే చోట జిగురు జోలికి ఎవరూ పోరు. స్టోరు నడిపేవాళ్ళందరూ ఈ మాట గుర్తుపెట్టుకోవాలని నా కోరిక.

స్టోరు అంటే గుర్తొచ్చింది, రబ్బరు రింగుల సంగతి చెప్పాలి. ఓ-రింగ్ అంటారు. హైడ్రాలిక్ గొట్టాల అతుకుల్లో, పంపుల్లో, వాల్వుల్లో కూర్చుంటుంది. చూడటానికి చిన్నపిల్లల చేతి గాజులా ఉంటుంది. ఉక్కు బోల్టు పదేళ్ళు స్టోరులో ఉన్నా ఉక్కే. రబ్బరు అలా కాదు, అలమారులో కూర్చునే ముసలిదవుతుంది. వెలుతురు, వేడి, ఎలక్ట్రిక్ మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ దాన్ని లోలోపల చీలుస్తాయి. అందుకే ప్రతి సంచీ మీద ఆ రబ్బరును ఏ ఏడాది, ఆ ఏడాదిలో ఏ త్రైమాసికంలో ఉడికించారో ముద్రిస్తారు. నల్లటి సంచీలో, చల్లటి చోట, సాగదీయకుండా, మేకుకు తగిలించకుండా ఉంచాలి. గడువు తీరితే, ఎంత కొత్తగా కనిపించినా కత్తిరించి పారేయాలి. కాబట్టి విడిభాగాలు ముందే కొని గుట్టలు పోసుకుంటే చాలు అనే మాట సగమే నిజం. వాటిలో కొన్నింటిని ఎప్పటికప్పుడు మళ్ళీ మళ్ళీ చేయించుకుంటూనే ఉండాలి. చేసేవాడు బతికి ఉండాలి, వాడి యంత్రం నడుస్తూ ఉండాలి.

అమెరికా వాళ్ళు తమ క్షిపణి జలాంతర్గాముల విషయంలో ఒక మంచి ఆలోచన చేశారు. ఒహాయో తరగతి పడవలకు పైన మూడు పెద్ద ద్వారాలు పెట్టారు, పంపులూ మోటార్లూ విడగొట్టకుండానే దించడానికి, ఎత్తడానికి. పడవ సుమారు 77 రోజులు సముద్రంలో, 35 రోజులు రేవులో ఉండేలా లెక్కవేశారు. ఒక్కో పడవకు రెండేసి సిబ్బంది బృందాలు, వంతులవారీగా. ఆ 35 రోజుల్లో పంపును రిపేరు చేస్తూ కూర్చోరు. గడువు వచ్చిన పంపు బాగానే నడుస్తున్నా సరే తీసేసి, స్టోరులో సిద్ధంగా ఉన్న మరో పంపు పెడతారు. మనం ఖాళీ గ్యాస్ సిలిండర్ ఇచ్చి నిండుది తీసుకున్నట్టు. తీసిన పంపు తీరిగ్గా వర్క్‌షాపుకు వెళ్ళి, విప్పబడి, బాగుపడి, మరో పడవ కోసం స్టోరుకు చేరుతుంది. పడవ ఎక్కువ రోజులు నీళ్ళలో ఉండటానికి కిటుకు అదే.

ఇంత సంపద, ఇంత ఆలోచన ఉన్న ఆ దేశంలోనే దాడి జలాంతర్గాములైన వర్జీనియా తరగతికి 2013 తర్వాత ఒక పడవ నుంచి విప్పి మరో పడవకు పెట్టిన భాగాలు పదహారు వందలు దాటాయి. ఫ్రాన్స్‌లో 2020 జూన్ 12న పెర్ల్ అనే అణు జలాంతర్గామికి డాక్‌లో నిప్పంటుకుని ముందు భాగం పాడైతే, అప్పటికే సేవ ముగించిన సఫీర్‌ను మధ్యకు కోసి, దాని ముందు సగాన్ని పెర్ల్ వెనక సగానికి అతికించారు. సగం పడవే విడిభాగమైంది! కుర్సురా కథ ఒక్క మన బీదతనం కథ కాదని చెప్పడానికే ఇవి చెప్పాను.

మన కథలో బీదతనం కన్నా పెద్ద బాధ పరాధీనత. 1991లో సోవియట్ యూనియన్ విడిపోయినప్పుడు మన నౌకాదళానికి కావలసిన సామాను చేసే ఫ్యాక్టరీలు వేరువేరు దేశాల్లోకి వెళ్ళిపోయాయి. నిన్నటిదాకా ఒక మంత్రిత్వశాఖకు రాసిన ఉత్తరం ఇప్పుడు ఎవరికి రాయాలో తెలియని పరిస్థితి. విశాఖలో 2010 ఫిబ్రవరిలో సింధురక్షక్ జలాంతర్గామి బ్యాటరీ గదిలో పేలుడు జరిగి ఒక నావికుడు చనిపోయాడు. బ్యాటరీ వాల్వు లోపంతో హైడ్రోజన్ కారిందని అధికారులు చెప్పారు. మళ్ళీ వాల్వే. సింధుకీర్తి అనే మరో రష్యా తయారీ జలాంతర్గామి 2006లో హిందుస్థాన్ షిప్‌యార్డులోకి వెళ్ళి 2015లో బయటికొచ్చింది. మూడేళ్ళ పని తొమ్మిదేళ్ళు పట్టింది. కుర్సురాను బాగుచేసిన యార్డే అది. అయినా మధ్యలో గడిచిన కాలంలో చేతులు మారిపోయాయి, పడవ రకం మారింది. నేర్చుకున్న చేతికి పని ఇవ్వకపోతే ఆ పని మరచిపోతుంది. యార్డును తిట్టడం తేలిక. దశాబ్దాల పాటు వరుసగా పని ఇవ్వనివాళ్ళను ఎవరూ తిట్టలేదు.

మరో పక్క, చేయి విడవకుండా పట్టుకున్న చోట ఫలితం కనిపించింది. యుద్ధనౌకలకు రష్యా ఉక్కు దొరకడం కష్టమైనప్పుడు హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల సొంతంగా ఉక్కు తయారుచేసింది, స్టీల్ అథారిటీ కర్మాగారాలు దాన్ని పోశాయి. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ ఒళ్ళంతా ఆ ఉక్కే. హైదరాబాదులోనే 1973లో ఏర్పడిన మిధాని సంస్థ టైటానియం, ప్రత్యేక ఉక్కులు చేస్తోంది. విశాఖలో నౌకాదళ పరిశోధనశాల 1969 నుంచి పనిచేస్తోంది. ఈ కొలుములు, ఈ మనుషులు ఉన్నంత కాలం భాగం పాడైతే కొత్తది పుట్టించుకునే దారి మన చేతిలో ఉంటుంది.

మనకు దగ్గర్లో కల్పాక్కం ఉంది. వేలూరు నుంచి కాంచీపురం, చెంగల్పట్టు మీదుగా వెళ్ళి అక్కడ ఉద్యోగాలు చేసినవాళ్ళు మీ ఊళ్ళలోనూ ఉండవచ్చు. అరిహంత్ రియాక్టర్‌కు నేల మీది నమూనా అక్కడే నిర్మించారు. 2003 నవంబరులో అందులో అణు చర్య తనంతట తాను కొనసాగే స్థితికి చేరింది, 2006లో పూర్తిగా పనిలోకి వచ్చింది. పడవలోని రియాక్టర్‌కు ఆ స్థితి 2013 ఆగస్టు 10న గాని రాలేదు. అంటే నేల మీదిది దాదాపు పదేళ్ళు పెద్దది. ఈ పెద్దరికం చాలా విలువైనది. పడవలోని పంపుకో వాల్వుకో ఏ వయసులో ఏ జబ్బు వస్తుందో నేల మీద ముందే కనిపించే వీలుంటుంది. బ్రిటన్‌కు అలాగే తెలిసింది. స్కాట్లాండ్‌లోని డూన్‌రే దగ్గరి నమూనా రియాక్టర్ చల్లబరిచే నీటిలో 2012 జనవరిలో స్వల్పంగా రేడియోధార్మికత కనిపించింది. ఇంధనపు తొడుగులో కంటికి కనబడనంత సన్నని లోపం. దాన్ని చూసే వాన్‌గార్డ్‌కు కొత్త ఇంధనం నింపాలని 2014లో నిర్ణయించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని లేకుండా చేసేది ఇలాంటి నేల మీది కవల.

ఇక చివరగా మన ప్రాంతపు లేతు పనివాళ్ళకు, టర్నర్లకు, ఐటీఐ పిల్లలకు ఒక మాట. రాణిపేటలో బీహెచ్‌ఈఎల్ వచ్చాక చుట్టూ ఎన్నో చిన్న షెడ్లు వెలిశాయి. గుడియాత్తం, ఆంబూరు, వాణియంబాడి పిల్లలు అక్కడ పని నేర్చుకున్నారు. రక్షణ శాఖ పనులు, అణు విద్యుత్ పనులు పెద్ద కంపెనీల చేతుల మీదుగా ఇలాంటి షెడ్ల దాకా రావచ్చు. వచ్చినప్పుడు మిమ్మల్ని మొదట అడిగేది మీ యంత్రం ఖరీదు కాదు, రాడ్డు మీది హీట్ నంబరు. ఒక కొలిమిలో ఒక విడతగా కరిగిన లోహమంతటికీ ఒకే నంబరు ఉంటుంది. రాడ్డు కొసన ఆ నంబరు గుద్ది ఉంటుంది. మోనెల్ రాడ్డు, స్టెయిన్‌లెస్ రాడ్డు పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. సముద్రపు నీటికి తెలుస్తుంది.

ఒకసారి అలాంటి ఒక షెడ్డులో బాయిలరు పని తనిఖీకి వెళ్ళాను. ఒక టర్నరు, పాతికేళ్ళ లోపు కుర్రాడు, పూర్తయిన స్టడ్డు ఒకటి విడిగా గుడ్డలో చుట్టి పెట్టాడు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నాయి, మరలు అద్దంలా ఉన్నాయి. ఎందుకు పక్కన పెట్టావని అడిగాను. "సార్, కోసేటప్పుడు నంబరున్న కొస తునకల్లోకి పోయింది. ఇది ఏ రాడ్డుదో నాకు తెలుసు, కానీ చూపించలేను," అన్నాడు. యజమాని ముఖం మాడ్చుకున్నాడు. రోజు కూలీ అంత విలువైన ముక్క అది. ఆ కుర్రాడు మాత్రం తల వంచుకోలేదు. ఆ ముక్కను నేను రద్దు చేశాను, అతని పేరు నా పుస్తకంలో రాసుకున్నాను. తర్వాతి లాటు నుంచి అక్కడ పద్ధతి మార్చారు. రాడ్డును రంపం మీద పెట్టేముందే, కోయబోయే ప్రతి ముక్క మీదా అదే నంబరు గుద్దుతారు. గుద్దిన తర్వాత ఇంకొకరు వచ్చి చూసి, రిజిస్టరులో సంతకం పెడతారు. అప్పుడే రంపం ఆడుతుంది. ఈ పనికి నిమిషం పడుతుంది, ఒక సుత్తి, పది అంకెల గుద్దుడు అచ్చులు ఉంటే చాలు. మీ షెడ్డులో ఈ అచ్చుల పెట్టె లేకపోతే, రేపు పొద్దున కొని పెట్టండి.